మేడ మీదికెళ్ళిన గిన్నెలు

స్టీలు ప్లాంటు పనులు మొదలయ్యాక విశాఖపట్నంలో అద్దెకు గది దొరకడం గగనమైపోయింది. ఎనభైల మొదట్లో సంగతి. ఇథియోపియా నుంచి యూనివర్సిటీలో చదువుకోవడానికొచ్చిన ఆ అబ్బాయికి ఎవరూ గది ఇవ్వలేదు. ఫ్యామిలీలకే ఇస్తాం అనేవారు. అసలు అడ్డం అతని రంగు, జుట్టు అని అందరికీ తెలుసు. మా నాన్న పోర్టులో పనిచేసేవాడు. నానాదేశాల ఓడలవాళ్ళనీ చూసిన మనిషి గనక మా మేడ మీద గది ఇచ్చేశాడు.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అతనిది చలికొండల మీది ఊరట. ఇక్కడి ఉక్కకి పొద్దున్న తొడిగిన చొక్కా వీధి చివరికెళ్ళేలోపే తడిసిపోయేది. బస్సెక్కితే అందరూ వెనక్కి తిరిగి చూసేవారు, పిల్లలు వెంటపడి జుట్టు ముట్టుకునేవారు. మా ఊరివాళ్ళు మంచివాళ్ళే, కాదనను. కొత్త మనిషిని కళ్ళప్పగించి చూడ్డంలో మాత్రం మాకెవరూ సాటి లేరు. అతను సాయంత్రం తలొంచుకుని వచ్చి, మెట్లెక్కి తలుపేసుకునేవాడు.

మా అమ్మది తగరపువలస. ఏం వండినా ఇరుగుపొరుగుకి ఒక గిన్నె వెళ్ళాల్సిందే. ఒక ఆదివారం పుల్లట్లు పోసి, వేడివేడిగా మూతపెట్టి నా చేత పైకి పంపింది. అతను మూత తీసి, వంగి వాసన చూశాడు. తర్వాత ఇంగ్లీషులో, వాళ్ళమ్మ కూడా పిండి పులియబెట్టి పళ్ళెమంత అట్టు పోస్తుందని చెప్పాడు. అక్కడే మెట్ల మీద కూర్చుని మొత్తం తినేశాడు. అతని నవ్వు నేను చూడడం అదే మొదలు.

గిన్నె శుభ్రంగా తోమి మర్నాడు కిందికి తెచ్చాడు. అమ్మకి మేలమాడడం, మనుషుల్ని ఆటపట్టించడం సరదా.

"ఏటి బాబూ, ఖాళీ గిన్నె తెచ్చీసినావు? మా వైపు ఖాళీగా ఇవ్వకూడదు. ఏదోటి ఏసి ఇవ్వాల."

నేను ఇంగ్లీషులో చెప్పాను. అతనికి మాట అందింది గానీ మేలం అందలేదు. అతను "సారీ" అని, గిన్నె పట్టుకుని గబగబా మళ్ళీ పైకెళ్ళిపోయాడు. మేం పడీపడీ నవ్వుకున్నాం.

ఆ గిన్నె తిరిగి రాలేదు. తర్వాతి ఆదివారం వేరే గిన్నె వెళ్ళింది, అదీ రాలేదు. ఆ తర్వాత చేపల పులుసు, దప్పళం, మళ్ళీ పుల్లట్లు. వంటింట్లో అలమర బోసిపోయింది. పేరు చెక్కించుకున్న స్టీలు గిన్నెలవి. నోరు తెరిచి గిన్నెలిమ్మని అడగడం మా ఇళ్ళలో పరువు తక్కువ. అతనేమో మెట్ల మీద అమ్మ ఎదురైతే మొహం పక్కకి తిప్పుకుని దిగిపోయేవాడు.

"మన తిండి నచ్చక పారబోత్తన్నాడేమో. ఇష్టం లేనోడికి పెట్టడం నాకెందుకే?" అని అమ్మ చిన్నబుచ్చుకుంది. పంపడం మానేసింది.

ఆదివారాలు మా పెనం చప్పుడు, పులిసిన పిండి వాసన మేడ మీదికి వెళ్తూనే ఉండేవి. అతను బజారు నుంచి బ్రెడ్డు తెచ్చుకునేవాడు. మనిషి చిక్కిపోతున్నాడని నాన్న అంటే, ఎండలు పడలేదులే అనుకున్నాం. మేడెక్కి తలుపు తట్టి, ఏం బాబూ అని ఒక్క మాట అడగడానికి మాలో ఎవరికీ కాళ్ళు రాలేదు.

ఏడాది తిరక్కుండానే ఢిల్లీకి మారిపోతున్నానన్నాడు. అక్కడ తన దేశంవాళ్ళు ఉన్నారట. వెళ్ళే రోజు పొద్దున్న రిక్షాలో పెట్టె పెట్టించి, వంటింటి గుమ్మం దగ్గరకొచ్చాడు. మా గిన్నెలన్నీ చేతుల్లో ఉన్నాయి. ఒక్కోదానికీ మూత. అమ్మ ముందు దించి, వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"ఖాళీ కాదు, అమ్మా."

మూతలు తీస్తే ప్రతి గిన్నెలోనూ పచ్చి కాఫీ గింజలు. గిన్నెల్లో వేసివ్వడానికి తమ ఊరిది ఏదైనా పంపమని వాళ్ళమ్మకి ఎప్పుడో రాశాడట. ఓడ మీద రావడానికి ఇన్నాళ్ళు పట్టింది. వట్టి చేతుల్తో మా అమ్మకి ఎదురుపడడం సిగ్గనిపించేదట. నేను అదంతా తెలుగులో చెబుతుంటే అమ్మ గిన్నెలో గింజల్ని చేత్తో తడిమింది.

"ఎగతాళికన్నాను నాయనా. ఖాళీగా ఇచ్చీసినా బాగుణ్ణు."

ఈసారి మేలం సంగతి నేను విడమరిచి చెప్పాను. అతను తలూపాడు గానీ నవ్వలేదు.

పొయ్యి మీద పెనం ఉంది, పక్కన పిండి ఉంది. ఉండు బాబూ ఉండు అంటూ అమ్మ గబగబా ఒక అట్టు పోసి ఇచ్చింది. బయట రిక్షావాడు రైలు టైమైపోతోందని కేకేస్తున్నాడు. ఆ అబ్బాయి అట్టు చేతిలోనే చుట్టుకుని, చెయ్యి కాలుతున్నా గుమ్మంలో నిలబడి తిన్నాడు. అమ్మకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అమ్మ అప్పటికే రెండోది పోసేసింది. రిక్షా మలుపు తిరిగేదాకా వీధిలోకే చూస్తూ, దాన్ని తిరగెయ్యడం మర్చిపోయింది.