ఎదురు ఫుట్‌పాత్ దాకా కనబడాలి

మా పెదనాన్నకి చిన్న అక్షరమంటే పడదు. పొట్టివాళ్ళ మీద, పసిపిల్లల మీద, చిన్న చెంచాల మీద ఆయనకి ఏ కోపమూ లేదు. అక్షరం మాత్రం చిన్నగా కనబడిందా, ఎవరో తన జేబు కొట్టేసినట్టు ముఖం పెడతాడు.

తప్పు ఆయనది కాదు, ఆయన వృత్తిది. ముప్పై ఏళ్ళు దుకాణాలకి బోర్డులు రాశాడు. నిచ్చెనెక్కి ఒక అక్షరం రాసి, కిందికి దిగి, రోడ్డు దాటి, ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి చూసి, తృప్తిగా తలాడించి, మళ్ళీ రోడ్డు దాటి వచ్చి రెండో అక్షరం మొదలుపెట్టేవాడు. ఎదురు ఫుట్‌పాత్ దాకా కనబడనిది అసలు అక్షరమే కాదన్నది ఆయన సిద్ధాంతం. తర్వాత అచ్చు బోర్డులొచ్చి కుంచెలు అటకెక్కాయి గానీ, సిద్ధాంతం మాత్రం ఇంట్లోనే తిష్ఠ వేసింది.

సరుకుల జాబితా రాయమంటే ఉప్పుకొక కాగితం, సబ్బుకొక కాగితం. పెద్దమ్మ ఆ కట్ట చంకలో పెట్టుకుని కొట్టుకెళితే కొట్టాయన కంగారుగా లేచి నిలబడి, "ఏంటమ్మా, కోర్టు కేసేమైనా పడిందా?" అని అడిగాడట. ఇక పెదనాన్న ఫోన్‌లో ఒకసారికి రెండే అక్షరాలు పడతాయి. ఎవరైనా మెసేజ్ పెడితే పెద్దమ్మ వంటింట్లోంచి, "ఏమంటున్నారు?" అని కేకేస్తుంది. "ఉండవే, ఇప్పుడే 'క్షే' అన్నారు. ఇంకా చెబుతున్నారు" అంటాడు. క్షేమంగా చేరామన్న కబురు పూర్తయ్యేసరికి చేరినవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఉంటారు.

ఒకసారి బలవంతాన కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గోడ మీద అక్షరాల పట్టిక చూపించి డాక్టరు చదవమంది. పెదనాన్న లేచి దగ్గరగా వెళ్ళి పట్టికని ఎగాదిగా చూశాడు.

"పై వరస రాసినవాడెవడో గానీ పనిమంతుడమ్మా."

"కింది వరస చదవండి."

"కిందివాళ్ళంతా పనిదొంగలు. రంగు మిగుల్చుకున్నారు."

నేనొక చిన్న వీడియో స్టూడియో నడుపుతున్నాను. రెండు గదులు. మేము తీసేవి సినిమాలేం కావు. మిక్సీ ఎలా వాడాలి, మంటలార్పే సిలిండరు ఎలా పట్టుకోవాలి, అలాంటివి. వాటిని చెప్పేవాళ్ళ కోసం టెలిప్రాంప్టర్ ఉంటుంది. కెమెరా ముందు ఏటవాలుగా ఒక అద్దం, దాని కింద ఒక తెర. తెర మీద కదిలే మాటలు అద్దంలో కనబడతాయి. చెప్పేవాళ్ళు వాటిని చదువుతుంటే, చూసేవాళ్ళకి తమ కళ్ళలోకే చూసి చెబుతున్నట్టుంటుంది. దాన్ని నడిపే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఊరికే కూర్చున్న పెదనాన్న గుర్తొచ్చాడు. నా ఖర్మ.

మొదటి రోజే వరసకి ఒకటిన్నర మాట వచ్చేలా అక్షరాలు పెంచేశాడు. ఇస్త్రీపెట్టె గురించి చెప్పాల్సిన ఆవిడ, "ముందుగా... స్విచ్చి... ఆపి..." అంటూ ఎవరో పోయినంత బరువుగా చదివింది. నేను తగ్గించాను. మంచినీళ్ళు తాగి వచ్చేలోగా ఆయన మళ్ళీ పెంచాడు. ఆ ఒక్క ఇస్త్రీపెట్టెకి మేమిద్దరం తొమ్మిదిసార్లు తగ్గించి, పదిసార్లు పెంచాం.

అయినా మాన్పించలేకపోయాను. ఎందుకంటే ఆయన చేతిలో ఎవరూ తడబడరు. చదివేవాళ్ళ గొంతు వింటూ, ఊపిరి చూస్తూ, వాళ్ళు ఆగితే ఆగి, కదిలితే కదిలి మాటల్ని నడిపిస్తాడు. "మాట మనిషి వెనక నడవాలమ్మడూ. మనిషి మాట వెనక పరిగెత్తకూడదు" అంటాడు. ఆ పనితనం చూసి అక్షరాల లావు భరించాను.

ఇలా ఉండగా నీళ్ళ హీటర్ల కంపెనీ మేనేజరు ఒకాయన స్టూడియోకి వచ్చాడు. కొత్త హీటరు మార్కెట్లోకి రాబోతోంది, దాని మీద ఎనిమిది వీడియోలు తీయాలి. ఆయన తెచ్చిన నమూనా హీటరు ఆయన ఎదుటే మొరాయించింది. వీధి చివరి మెకానిక్‌ని పిలిపించాను. ఆ మెకానిక్ మూత విప్పుతూ, ఏది ఎందుకు వేడెక్కుతుందో, దేన్ని తడి చేత్తో ముట్టుకోకూడదో తన ధోరణిలో చెప్పుకుపోయాడు. మేనేజరు నోరు తెరుచుకుని విన్నాడు.

"ఇతనే! వీడియోల్లో ఇతనే చెప్పాలి" అన్నాడు.

మెకానిక్ ముఖం వెలిగిపోయింది. "ఇరవై ఏళ్ళుగా గోడల వెనకే పని చేస్తున్నానండి. ఒక్కసారి గోడ ముందు నిలబడాలని ఉంది" అన్నాడు.

"ఒక్క షరతు" అన్నాడు మేనేజరు. "జాగ్రత్తలు మాత్రం మా వకీలు రాసినవి రాసినట్టు చదవాలి. ఒక్క ముక్క అటూ ఇటూ కాకూడదు. అవి షూటింగు రోజు పొద్దున దాకా మారుతూనే ఉంటాయి కాబట్టి బట్టీ పడితే లాభం లేదు."

చూద్దామని అప్పటికప్పుడే అతన్ని టెలిప్రాంప్టర్ ముందు నిలబెట్టాను. అతను అద్దంలోకి చూశాడు. ముఖంలో వెలుగంతా ఆరిపోయింది. చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు.

"కళ్ళజోడు మర్చిపోయొచ్చానమ్మా" అన్నాడు.

అంతలో మెషీన్ వెనకనుంచి పెదనాన్న ఇంతెత్తున లేచాడు. "కళ్ళజోడేం చేస్తుందయ్యా? ఈ డబ్బాలో అక్షరాలు చీమల్లా ఉంటే దేవుడొచ్చినా చదవలేడు! ఇది పనికిరాదు. కొత్తది ఎంచాలి. అన్నీ పరీక్ష చేసి ఎంచడానికి నాకు నాలుగు నెలలు పడుతుంది."

ఆ క్షణంలో తెర మీద వరసకి రెండే మాటలున్నాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేనేజరు నవ్వాడు. "హీటరు రావడానికీ అంతే పడుతుంది లెండి. కానీ ఆ రోజుకి ఇతను గడగడా చదవాలి. లేదంటే మా ఆఫీసులోనే ఎవరో ఒకరు చెబుతారు" అని వెళ్ళిపోయాడు.

ఇక మొదలైంది మెషీన్ల ఊరేగింపు. అద్దెకిచ్చే దుకాణం నుంచి వారానికొకటి రావడం, పెదనాన్న దాన్ని తిట్టి పంపడం. ఒకటి మాటల కింద వత్తులు కోసేస్తోందన్నాడు. "'జ్వాల' అని పెడితే వత్తు మింగేసి కూర్చుంది. అలాంటిది రేపు మనిషిని మింగదా?" ఇంకోదాని అద్దం మసకన్నాడు. మరోదానికి లోపమేమీ దొరక్క, రంగు నచ్చలేదన్నాడు. గొంతు విని తనంతట తనే కదిలే మెషీన్ ఒకటి వచ్చింది. పెద్దమ్మ స్టూడియోకే వచ్చి దాని ముందు నిలబడి, "అన్నానికి వస్తారా, లేక ఆ డబ్బాతోనే కాపురం చేస్తారా?" అని అరిచింది. ఆ మాట ఎక్కడుందో వెతుక్కుంటూ పాపం ఆ మెషీన్ పాఠమంతా చివరిదాకా పరిగెత్తి, అక్కడే ఆగిపోయింది.

అద్దె దుకాణం ఆయన ఫోన్ చేశాడు. "అమ్మా, మీ పెదనాన్నగారు మెషీన్ చూస్తున్నారా, అల్లుణ్ణి చూస్తున్నారా?"

పరీక్షలు రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు గంటసేపు వెనక గదిలో, తలుపు వేసుకుని జరిగేవి. చదవడానికి ఆ మెకానిక్‌నే రమ్మనేవాడు.

"అతనెందుకు పెదనాన్నా? మన స్టూడియోలో చదివేవాళ్ళు లేరా?"

"పరీక్ష చేసేవాడికి మెషీన్‌తో చుట్టరికం ఉండకూడదే. నీకు తెలీదు."

తలుపు అవతలనుంచి మెకానిక్ గొంతు వినబడేది. "నీ...రు. వే...డి." మళ్ళీ, "నీరు వేడి." అక్షరాలు అంత లావుగా పెడితే ఎవడైనా అలాగే చదువుతాడని నాకు ఒళ్ళు మండేది. గడువు దగ్గర పడుతోంది. మెకానిక్‌కి ఉన్న ఒక్క అవకాశాన్నీ మా పెదనాన్న పిచ్చి నాశనం చేస్తోందని నా బాధ. షూటింగుకి వారం ముందు ఇక ఆగలేక ఆయన మీద విరుచుకుపడ్డాను.

"చాలు పెదనాన్నా! అతని నోటి దగ్గరి కూడు పడగొడుతున్నావు. మేనేజరుగారు వాళ్ళ మెషీనే తెస్తారట. అందరూ పెట్టేంత సైజే పెడతాను, నేనే నడుపుతాను. ఆ రోజు నువ్వు దాని జోలికి రాకు."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "అందరూ పెట్టేంత అంటే... ఎంత?"

వేలితో చూపించాను.

"సరే" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్షరం సైజు విషయంలో పెదనాన్న సరే అనడం నేను వినలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా గెలిచానని సంబరపడ్డాను కూడా.

షూటింగు రోజు వకీలు మార్చిన పాఠంతో, తమ మెషీన్‌తో మేనేజరు దిగాడు. మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని హీటరు పక్కన నిలబడ్డాడు. పెదనాన్న దూరంగా మూలలో స్టూలు మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో పిల్లాణ్ణి దింపి వెళ్ళలేక ఆగిపోయిన తండ్రిలా కూర్చున్నాడు.

కెమెరా తిరిగింది. మెకానిక్ అద్దంలోకి చూశాడు. అతని చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్ళింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. జేబు దాకా వెళ్ళిన చెయ్యి కిందికి దిగింది.

"హీటరు... ఆన్ చేసే ముందు... తొట్టిలో నీరు నిండిందో లేదో చూసుకోండి."

మొదటి వరస నడిచాడు. రెండో వరస కాస్త వడిగా నడిచాడు. మూడో వరసకి తన సొంత ధోరణి వచ్చేసింది. సగంలో "ఉష్ణోగ్రత" దగ్గర ఠక్కున ఆగాడు. మీట మీద నా వేలు ఆగిపోయింది. మూలలో పెదనాన్న పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. "ఉష్... ణో... గ్రత" అని విడదీసి, మళ్ళీ కలిపి, "ఉష్ణోగ్రత ఎప్పుడూ గీత దాటనివ్వకండి" అని చూపుడువేలు ఊపి మరీ చదివాడు మెకానిక్.

"అబ్బ! ఆ ఆగడం చూశారా?" అన్నాడు మేనేజరు. "నొక్కి చెప్పడమంటే అదీ. అలాగే ఉంచండి. ఎనిమిదీ ఇతనే చెయ్యాలి."

అందరూ చప్పట్లు కొడుతుంటే పెదనాన్న స్టూలు మీద లేడు. అద్దె మెషీన్లు సర్దుదామని వెనక గదికి వెళ్ళాను. బల్ల సొరుగులో దారంతో కట్టిన కాగితాల కట్ట కనబడింది. ప్రతి దాని మీదా తేదీ వేసి ఉంది. మొదటి కాగితం నిండా ఒకే ఒక్క అక్షరం, 'న'. తర్వాత 'నీరు'. ఇంకొన్ని తిరగేస్తే రెండేసి మాటలు, ఆ తర్వాత వరసలు. తేదీలు గడిచేకొద్దీ అక్షరాలు తగ్గుతూ వచ్చాయి. చివరి కాగితం మీద వార్తాపత్రికలో ఉండేంత సన్నటి అక్షరాలు. చెయ్యి మాట వినక పెద్దవైపోయిన చోటల్లా కొట్టేసి, పక్కనే మళ్ళీ చిన్నగా రాశాడు. అలాంటి కొట్టివేతలు ప్రతి వరసలోనూ ఉన్నాయి.

మెకానిక్‌కి చదవడం రాదని మొదటి రోజే పట్టేసి, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా నాలుగు నెలలు నా చేతా, అద్దె దుకాణం చేతా, పెద్దమ్మ చేతా పిచ్చివాడనిపించుకున్నాడు ఈ మనిషి. నేనేమో నోటి దగ్గరి కూడు అంటూ నోటికొచ్చినట్టు అన్నాను. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఆయన ముద్దొచ్చాడు.

పెదనాన్న తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"ఇవేంటి పెదనాన్నా?"

"టెస్టింగ్ కాగితాలు."

"మెషీన్ టెస్టింగ్‌కి చేత్తో రాయడమెందుకు?"

"కరెంటు పోతే?"

"ఇంత చిన్న అక్షరాలు నువ్వే రాశావా?"

ఆయన వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకున్నాడు. "గట్టిగా అనకే. మీ పెద్దమ్మ వింటే నా పరువు పోతుంది."

"ఇంతకీ ఏ మెషీన్ ఖాయం చేశావు?"

"మన పాతదే. దానికేమే, బంగారంలాంటిది!" అన్నాడు, ఏ మాత్రం తడబడకుండా.

మరుసటి వారం మెకానిక్ మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట ఒక పెద్దావిడ ఉంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, మా మెషీన్ని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది.

"పెద్దాయనా, మా అక్కండి" అన్నాడు మెకానిక్, ముఖంలో నవ్వు దాచుకుంటూ. "మెషీన్లు బాగా పరీక్ష చేస్తుంది."

ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు పైకి తోసుకుని, "కళ్ళజోడు మర్చిపోయొచ్చానండి" అంది, తమ్ముడు నేర్పినట్టే.

పెదనాన్న నావైపు చూశాడు. నేను ఫోన్ తీసి అద్దె దుకాణానికి కలిపి, ఒక టెలిప్రాంప్టర్ పంపమన్నాను.

"అయ్యబాబోయ్, మళ్ళీనా?" అన్నాడాయన. "మొన్నేగా మీ పాతదే బంగారమన్నారు! ఇంతలో దానికేమొచ్చిందమ్మా?"

"అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయండీ" అన్నాను.