కొమ్ముల గిటార్ ఇచ్చి అంకుల్ గిటార్ తెచ్చుకున్నాను

నా ఎర్ర గిటార్‌ను మొదటిసారి చర్చికి తీసుకుపోయినప్పుడు పాస్టర్ గారు దాన్ని పైనుంచి కిందిదాకా చూశారు. దానికి రెండు కొమ్ములున్నాయి. మెరిసే ఎరుపు రంగు, మొనదేలిన కొమ్ములు.

"బ్రదర్, ఇది లోపలికి తేవడం తప్పనిసరా?" అని అడిగారు.

తప్పనిసరే. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. జుట్టు భుజాల మీద పడేది. గిటార్‌ను వాయించడం కన్నా తగిలించుకోవడం ముఖ్యమని నమ్మే వయసు. హైదరాబాద్‌లో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. రామగుండం స్టేషన్‌లో దిగగానే నలుగురి కళ్లల్లో పడాలని సంచిలోంచి తీసి భుజాన వేసుకున్నాను. ఆటో డ్రైవర్ ఒక్కడే చూశాడు. "గా కొమ్ములు నా సీటు చింపుతయ్, జర సూసి పెట్టుకో అన్నా," అన్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. నాన్న పనిచేసిన బొగ్గుబాయి కంపెనీలోనే నేనూ ఎలక్ట్రీషియన్‌నయ్యాను. గోదావరిఖనిలో క్వార్టర్ వచ్చింది. పెళ్లయింది. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. గిటార్ మాత్రం అదే. ఆ ఆకారాన్ని కూర్చుని వాయించేవాడి కోసం చెయ్యలేదు. తొడ మీద పెడితే జారిపోతుంది. పొట్ట వచ్చాక దానికి ఒక ఆనిక దొరికిందని సంతోషించాను.

చర్చిలో ఆదివారాలు వాయిస్తూనే ఉన్నాను కానీ, కొన్నేళ్లుగా ఇంట్లో దాన్ని ముట్టుకోవడం మానేశాను. తీస్తే అవే నాలుగు ముక్కలు. ఒక పరుగు పైకి, ఒక పరుగు కిందికి, మధ్యలో తీగను లాగి మూలిగించడం. నా కాలి దగ్గర ఒక చిన్న డబ్బా ఉండేది. దాన్ని తొక్కితే శబ్దమంతా కరకరలాడుతుంది. ఆ కరకరలో తప్పేదో ఒప్పేదో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కూడా ఎన్నడూ ఫిర్యాదు చెయ్యలేదు గనక నేను బాగానే వాయిస్తున్నానని అనుకునేవాణ్ణి.

వాయించబుద్ధి కాకపోవడానికి కారణం గిటారేనని తేల్చుకున్నాను. ఎలక్ట్రీషియన్‌ను కదా, వైద్యం మొదలుపెట్టాను. లోపలి వైర్లన్నీ పీకి కొత్తవి వేశాను. స్విచ్ మార్చాను. తీగల శబ్దాన్ని పట్టుకునే పికప్‌లు కూడా మార్చాను. రోగం డాక్టరుదేమోనన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

"దీంట్ల పానం లేదు," అన్నాను ఒకరోజు మా ఆవిడతో. ఆమె బడిలో లెక్కల టీచర్.

"దాంట్లనా, నీలనా?" అంది, పేపర్లు దిద్దుతూనే.

ఆ మాట ఇంట్లోనే ఆగి ఉంటే బాగుండేది. నేను బాయి మీద కూడా, చాయ్ దగ్గర కూడా, గిటార్‌లో పానం లేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. అది తిరిగి తిరిగి వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి చెవిన పడింది. వాళ్ల నాన్న ఆరోగ్యం బాగాలేక దిగిపోతే ఆయన ఉద్యోగం ఆమెకొచ్చింది. నేనొక మోటారు రిపేరు కోసం పోతే ఎదురొచ్చి నిలబడింది.

"కాకా, మీ దగ్గర కొమ్ముల గిటార్ ఉందట గద. ఇస్తరా?"

"నీకెందుకు బిడ్డా?"

"మేం దోస్తులం నలుగురం బ్యాండు పెట్టినం. నా దగ్గర ఉన్నది మా మేనమామది. పాత చర్చిలల్ల వాయించెటోడు. గోధుమ రంగుది, పెద్ద బొజ్జది. అది పట్టుకొని స్టేజి ఎక్కితే నవ్వుతరు కాకా. అది అంకుల్ గిటార్." అంతలో నా పొట్ట వైపు చూసి, "మీకు మంచిగుంటది," అంది.

ఆ పిల్ల నిజంగానే మంచి ఉద్దేశంతో అంది. అందుకే ఇంకా గుచ్చుకుంది. అయినా పానం లేని వస్తువును ఒకరికి అంటగట్టే అవకాశం ఎప్పుడోగాని రాదు. మార్పిడికి ఒప్పుకున్నాను. తర్వాతి ఆదివారం సెంటినరీ కాలనీ నుంచి స్కూటీ మీద వచ్చి తన గిటార్ ఇచ్చి, నాది తీసుకుపోయింది. కొమ్ములు రెండూ సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చి, గేటు దాటేదాకా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

కొత్తది లోపల సగం బోలుగా ఉండే రకం. ముందు వైపు ఫిడేలుకున్నట్టు రెండు సన్నని వంపు రంధ్రాలు. తీగలు లావు. కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుంటే పసిపిల్లలా కుదురుగా కూర్చుంది. ఇన్నేళ్లలో నా ఒళ్లో ఒక గిటార్ జారకుండా ఉండడం అదే మొదలు. అలవాటు కొద్దీ కాలితో డబ్బా తొక్కాను. గిటార్ ఒప్పుకోలేదు, ఊళపెట్టింది. డబ్బా తీసేసి నా నాలుగు ముక్కలూ వాయించాను.

అప్పుడు విన్నాను నన్ను నేను. పైకి పోయే పరుగులో మూడు స్వరాలు అసలు పలకడమే లేదు. కిందికి దిగే పరుగు మెట్ల మీద జారిపడ్డవాడు దిగినట్టు ఉంది. లావు తీగను లాగి మూలిగించబోతే తీగ కదల్లేదు, నేనే మూలిగాను. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది.

"పిల్లలకు నేర్పుతున్నవా?" అని అడిగింది. ఇంట్లో పిల్లలెవరూ లేరు. మా పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు.

చర్చిలో సంగతి ఇంకా ఘోరం. అలవాటు ప్రకారం స్పీకర్‌కు ఆనుకుని నిలబడ్డాను. బోలు గిటార్ స్పీకర్ దగ్గరుంటే తన శబ్దాన్ని తానే విని, దానికి తానే బదులు పలుకుతుందని ఎలక్ట్రీషియన్‌నైన నాకు తెలిసి ఉండాలి. పాస్టర్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. "ప్రభువా, మౌనంగా నీ సన్నిధిలో..." అన్నారో లేదో, నా గిటార్ బాయి సైరన్‌లా కూసింది. ముందు వరసలో, బాయిలో షిఫ్టులు నడిపించి రిటైరైన ఓవర్‌మన్ ఒకాయన అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాడు. నేను తీగలను అరచేత్తో నొక్కి, స్విచ్ వెతుక్కుంటూ, కొత్త గిటార్‌కు అది ఎక్కడుందో గుర్తురాక వైరే పీకేశాను.

ప్రార్థనయ్యాక పాస్టర్ గారు దగ్గరికొచ్చి, "బ్రదర్, ఆ కొమ్ములదే నయం," అన్నారు.

ఆ నెలలోనే కంపెనీ ఉత్సవాల్లో ఆ అమ్మాయి బ్యాండు వాయిస్తుందని తెలిసింది. సాయంత్రం గ్రౌండ్‌కు నేనూ మా ఆవిడా పోయాం. పానం లేని గిటార్‌తో పాపం ఆ పిల్ల ఎంత అవస్థ పడుతుందో చూసి, పెద్దవాడిగా నాలుగు మంచి మాటలు చెప్పాలన్నది నా ఆలోచన. ఆ మాటలు దారిలోనే సిద్ధం చేసుకున్నాను కూడా.

ఆమె స్టేజి ఎక్కి, ఎర్ర గిటార్‌ను మోకాళ్ల దాకా వేలాడదీసి, మొదటి దెబ్బ కొట్టింది. గ్రౌండంతా ఒక్కసారి అరిచింది. నా గిటార్ అట్లా అరవగలదని నాకు తెలియదు. నేను ఎన్నడూ చెయ్యి పెట్టని చోట ఆమె చెయ్యి తిరుగుతోంది. నేను వేసిన వైర్లు, నేను పెట్టిన పికప్‌లు మహా చక్కగా పనిచేస్తున్నాయి.

మా ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "పానం లేదంటివి గద?"

చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి అన్నం సగం వదిలేశాను. మంచి ఎద్దును సంతకు తోలి ఇంటికొచ్చిన రైతు కూడా అంత పరేషాన్ అయి ఉండడు.

నాలుగు రోజులు ఓర్చుకుని, సెంటినరీ కాలనీకి బండి తీశాను. వైరింగ్ ఒకసారి చెక్ చెయ్యాలన్నది సాకు. అసలు పని, గిటార్ వెనక్కి అడగడం. ఆ అమ్మాయి వాళ్లమ్మ చాయ్ ఇచ్చింది. వాళ్ల నాన్న మంచం మీంచే, "మీ గిటార్‌తోటి మా బిడ్డ మస్తు ఖుష్ ఉంది," అన్నాడు. ఆ మాటతో నా గొంతులో ఉన్నది చాయ్‌తో పాటు లోపలికే పోయింది.

"వాయించి సూస్తరా కాకా?" అని అమ్మాయే గిటార్ తెచ్చి చేతిలో పెట్టింది.

తీసుకున్నాను. చెయ్యి గిటార్ మెడ మీద పడగానే, నేను ఏమీ అనుకోకముందే వేళ్లు బయల్దేరాయి. పరుగు పైకి, పరుగు కిందికి, తీగ లాగి మూలిగించడం. ఆపి, ఇంకేదైనా వాయిద్దామనుకున్నాను. మళ్లీ అదే వచ్చింది. సాయంత్రం కాగానే తోలేవాడు లేకున్నా గొడ్లు కొట్టానికి చేరుకున్నట్టు, నా వేళ్లు పాత చోటుకే పోతున్నాయి. ఆ గిటార్ తప్పేం లేదు. దాని మెడ మీద నా వేళ్లకు ప్రతి ఇంటి గడపా తెలుసు. అందుకే కొత్త వీధి తొక్కవు. ఇంట్లో ఉన్న అంకుల్ గిటార్ మీదైతే వాటికి దారి తెలియదు. తడుముకుంటాయి. ఆ తడుములాటే నాకు కావలసిందని అక్కడ, ఆ చాయ్ గ్లాసు పక్కన కూర్చుని తెలుసుకున్నాను.

"వైరింగ్ మంచిగుంది," అని గిటార్ తిరిగిచ్చాను.

"గిదే చెప్పనీకి గింత దూరమొచ్చిండ్రా కాకా?" అంది ఆ పిల్ల. గౌరవంతోనే అడిగిందని నమ్ముతున్నాను.

తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఫస్టు షిఫ్టు దిగి వచ్చి నేల మీద పడుకుని ఉన్నాను. గిటార్ గోడకు ఆనించి ఉంది. ఓపెన్‌కాస్ట్ గనిలో రోజూలాగే బ్లాస్టింగ్ చేశారు. కిటికీలు గలగలమన్నాయి, గిన్నెలు కదిలాయి. ఇవి మాకు అలవాటే. కానీ ఆ చప్పుళ్లన్నీ ఆగాక ఒక సన్నటి మోత మిగిలింది. లేచి వెతికాను. గిటార్. ఎవరూ ముట్టకుండానే దాని లావు తీగలు రెండు మోగుతున్నాయి.

ఆ రెండు స్వరాలూ ఏవో కనుక్కుని, వాటిని వాయించాను. వాటి పక్కన మూడోది ఏది బాగుంటుందో వెతికాను. వేళ్లకు తెలియదు గనక చెవినే అడగాల్సి వచ్చింది. చెవికి ఇన్నాళ్లూ పనిలేదు, బద్ధకంగానే లేచింది. సాయంత్రానికి ఒక వరస దొరికింది. మర్నాడు ఇంకొకటి. డ్యూటీకి పోయేముందు, తెల్లారకముందే లేచి, స్పీకర్ లేకుండా మెల్లగా వాయించేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసులో కూడా నేను గిటార్ కోసం నిద్ర లేవలేదు.

పక్క క్వార్టర్‌లో ఉండే డ్రిల్ ఆపరేటర్ ఎర్ర గిటార్ రోజుల్లో గోడ బాదేవాడు. ఈ మధ్య బాదడం లేదు. ఒక మెచ్చుకోలు రాబట్టాలని నేనే కదిపాను. "తమ్మీ, పొద్దుగాల నేను వాయించేది వినవడ్తుందా?"

"గది గిటారా అన్నా?" అన్నాడు. "మీ ఫ్రిజ్ ఖరాబైందనుకున్న. చెప్తే బాధపడ్తవని ఊకున్న."

నెల తిరిగేసరికి పాట పూర్తయింది. నా జన్మలో నేను కట్టిన మొదటి బాణీ. చర్చిలో కానుకలు పట్టేటప్పుడు వాయిస్తానని పాస్టర్ గారిని అడిగాను. స్పీకర్ ఏ మూలన పెడతానో, నేను ఏ మూలన నిలబడతానో ముందు చూపించమని, ఆ తర్వాతే ఆయన ఒప్పుకున్నారు. కానుకల సమయంలో అందరూ జేబులు, పర్సులు వెతుక్కుంటూ ఉంటారు. నా పాట మొదలైంది, సాగింది, అయిపోయింది. ఒక్క తల లేవలేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే, చర్చిలో పాటలు పాడే కోయిర్‌లో అందరికన్నా పెద్దదైన అవ్వ నా మోచేయి పట్టుకుంది. భర్త పింఛను మీద బతికే మనిషి.

"గది ఏం పాట బిడ్డా? పుస్తకంల ఎన్నో నంబరు?"

"పుస్తకంల లేదవ్వా. నేనే కట్టిన."

"నువ్వా?" అంది. కాసేపు నమ్మడానికి ప్రయత్నించింది. "మాటలేవి మరి?"

"మాటల్లేవు."

"మాటల్లేకుంటే నువ్వేం అడుగుతున్నవో దేవునికి ఎట్ల తెలుస్తది?"

తర్వాతి శనివారం పాటల ప్రాక్టీసుకు అవ్వ మాటలు పెట్టుకుని వచ్చింది. వాయించమని నన్ను కూర్చోబెట్టి పాడింది. మోకాళ్ల నొప్పి, వాన పడాలని, నైట్ షిఫ్టులో ఉన్న మనవడు క్షేమంగా పైకి రావాలని. నా బాణీ మధ్యలో ఒకచోట స్వరం అమాంతం పైకి ఎగురుతుంది. అది నేను మహా గర్వపడిన చోటు. అవ్వ అక్కడ ఎగరలేదు. మనవడి మాట దగ్గర మెల్లగా కిందికి దిగింది.

"అవ్వా, అక్కడ పైకి పోవాలె," అన్నాను.

"ఎందుకు పోవాలె? పోరడు బాయిలనే ఉండె గద," అంది.

రెండోసారి నేనూ ఆమెతో పాటు దిగాను. చూడబోతే పాట ఉన్నది అక్కడే. కోయిర్‌లో మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే గొంతు కలిపారు. స్పీకర్ తగ్గించుకున్నాను గనక, ఇన్నేళ్లూ నా పక్కనే పాడిన ఆ గొంతులు వేటికవి విడివిడిగా ఎట్లుంటాయో ఆ శనివారమే విన్నాను.

మొన్న ఆదివారం చర్చిలో అందరూ దాన్ని పాడారు. జ్యోతినగర్ నుంచి కొత్తగా వస్తున్న ఒక ఇంజనీరు గారు కళ్లు తుడుచుకుని, ఈ పాట కట్టిందెవరని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపే అందరూ అవ్వను చూపించారు. అవ్వ కాదనలేదు.