ఎస్తేరమ్మ గారు నేర్పిన ‘జడ్జ్’

మొన్న స్టాఫ్ రూములో అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు దిద్దుకుంటూ ఉంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న లెక్కల టీచరు పంటినొప్పికని లవంగం కొరికారు. ఆ ఘాటు నా ముక్కుకు తగలగానే చేతిలోని ఎర్ర పెన్ను ఆగిపోయింది. తాడేపల్లిగూడెంలో నేను రోజూ కూర్చునే గదే అది. కిటికీ అవతల పిల్లలు అరుస్తూనే ఉన్నారు. అయినా ఒక్క నిమిషం నేను అక్కడ లేను. ఏలూరులో, ఎత్తైన పైకప్పు ఉన్న పాత తరగతి గది గుమ్మంలో నిలబడి, ఎస్తేరమ్మ గారు ఏమంటారోనని భయంభయంగా చూస్తున్నాను. గొంతు పోకుండా ఉండటానికని ఆవిడ రోజంతా బుగ్గన లవంగం పెట్టుకునేవారు. ఆవిడ వస్తున్నారని మాకు అడుగుల చప్పుడు కంటే ముందు ఆ వాసనే చెప్పేది.

ఆవిడను చూడనివాళ్ళకు ముందుగా చెప్పవలసింది ఆవిడ ఎత్తు గురించి. నల్లబల్ల పై సగంలో ఏదైనా రాయాలంటే ఆవిడకు స్టూలు కావాలి. ఆ స్టూలును ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి తనే మోసుకెళ్ళేవారు. ఎవరైనా అందుకోబోతే, తన పొట్టితనం తనే మోసుకోవాలని నవ్వేవారు. మిషనరీల కాలంలో కట్టిన ఆ ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పారు. పక్కనున్న మందిరంలో పై దేశాల ప్రసంగీకులు వచ్చినప్పుడు వేదిక మీద తర్జుమా కూడా ఆవిడదే. వచ్చినాయన చెప్పిందే తిప్పి తిప్పి పది నిమిషాలు చెబితే, ఆవిడ ఓపిగ్గా విని, తెలుగులో రెండు వాక్యాలు చెప్పి, ఇంకేమైనా ఉందా అన్నట్టు ఆయన మొహంలోకి చూసేవారు. సంఘమంతా పమిట చెంగులు నోటికి అడ్డం పెట్టుకునేది.

నేను 2004 జూన్‌లో ఆవిడ దగ్గర కొత్త టీచరుగా చేరాను. దెందులూరు దగ్గర ఒక పల్లెలో మందిరం చూసుకునే ఉపదేశి కూతురిని. అక్షరాలు రాకముందే బైబిలు వాక్యాలు కంఠతా వచ్చిన పిల్లను. చదువుకునే రోజుల్లో మా యవ్వనుల కూటంలో నేనొక పెద్ద తప్పు చేశాను. వరసగా నాలుగు వారాలు ప్రార్థనకు రాని స్నేహితురాలిని అందరి ముందు నిలబెట్టి, విశ్వాసం చల్లారిపోయిందని నిలదీశాను. వాళ్ళమ్మ మంచం పట్టిందనీ, ఇంట్లో చూసేవాళ్ళు లేరనీ నాకు తెలియదు. ఆ అమ్మాయి మళ్ళీ ఏడాది వరకు మందిరం గుమ్మం తొక్కలేదు. ఆ రాత్రి మోకరించి, ఇక జన్మలో ఎవరికీ తీర్పు తీర్చనని ప్రభువుకు మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడంలో నేను చూపించిన శ్రద్ధే ఈ కథంతా.

పదో తరగతి ఇంగ్లీషు నాకు ఇచ్చారు. మొదటి యూనిట్ పరీక్ష పేపర్లు ముందు పెట్టుకుని ప్రార్థన చేసుకున్నాను. ఎర్ర సిరాతో పిల్లల తప్పుల మీద గీతలు గీయడానికి చెయ్యి రాలేదు. మార్కులు వేయక తప్పదు కనుక అందరికీ ఇంచుమించు ఒకే మార్కులు వేసి, ప్రతి పేపరు కింద ‘దేవుడు నిన్ను దీవించును గాక’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పిల్లలు ఆ పేపర్లను గుండెలకు హత్తుకున్నారు. రెండో పరీక్షకూ అంతే. సెప్టెంబరులో జరిగిన క్వార్టర్లీ పేపర్లు మాత్రం సీనియర్ టీచరు చూడాలన్నది అక్కడి పద్ధతి. ఎస్తేరమ్మ గారు కట్ట విప్పి ఒక్కొక్కటీ తిప్పుతూ, పదో పేపరు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దీవెన బాగుందమ్మా కృపా. మరి దిద్దుబాటు ఏదీ?"

నేను నా ఒట్టు సంగతి చెప్పాను. కోప్పడతారనుకుంటే, ఆవిడ భుజాలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వులో లవంగం గొంతుకు అడ్డంపడి నీళ్ళు తాగవలసి వచ్చింది. తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో ‘జడ్జ్’ అన్న ఇంగ్లీషు మాట రాశారు. దాని చుట్టూ తెలుగులో రాసుకుంటూ వెళ్ళారు: తీర్పు తీర్చడం, అంచనా వేయడం, ఎంచి చూడటం, విలువ కట్టడం, వివేచించడం, తప్పు పట్టడం. రోడ్డు దాటేటప్పుడు బస్సు ఎంత దూరంలో ఉందో చూసుకుంటామే, దానికీ ఇంగ్లీషువాడు ఇదే మాట వాడతాడన్నారు. పాటల పోటీలో కూర్చునేవాళ్ళకూ ఇదే, కోర్టులో కూర్చునే ఆయనకూ ఇదే.

"మన దగ్గర ఇన్ని మాటలుండగా నువ్వు చివరిదొక్కటీ పట్టుకుని కూర్చున్నావు," అన్నారు.

నేను తేలిగ్గా లొంగే రకం కాదు. తీర్పు ప్రభువుదే కానీ మనది కాదని, నాకు వచ్చిన వాక్యాలన్నీ వరసగా ఒప్పజెప్పాను. ఆవిడ అడ్డు చెప్పకుండా అంతా విన్నారు. విని, ఆ కట్టలోంచి నాగమణి పేపరు తీసి నా ముందు పెట్టారు. చదివి, ఈ పిల్ల మార్చిలో పబ్లిక్ పరీక్ష గట్టెక్కుతుందో లేదో చెప్పమన్నారు. నాగమణి కొల్లేరు వైపు పిల్ల, మా హాస్టల్లో ఉండేది. నర్సు కావాలని కోరిక. పది ఒక్కసారికి పాసైతే పై చదువుకు పంపుతానని, తప్పితే అక్కతో పాటు రొయ్యల షెడ్డు పనికి రావాలని వాళ్ళ నాన్న ముందే చెప్పాడు. ఈ సంగతి స్కూలంతటికీ తెలుసు. నేను పేపరు చూశాను. అందులో నిలబడే వాక్యాలు మూడు కూడా లేవు. ప్రార్థన చేస్తున్నానని మాత్రం చెప్పాను. "చెయ్యమ్మా, నేనూ చేస్తాను," అన్నారు ఎస్తేరమ్మ గారు. ఆ శనివారం తనతో నాగమణి వాళ్ళ ఊరికి, మండవల్లి వైపు రమ్మన్నారు.

పాస్టరు గారు ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేసినట్టే, పదో తరగతి పిల్లల ఇళ్ళకు వెళ్ళడం ఆవిడకు అలవాటు. కైకలూరు బస్సులో కొల్లేరు దాటి, ఇంకో బస్సు మారి, గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళేసరికి ఉదయం తొమ్మిదయింది. నాగమణి నాన్న ఏడుకొండలు గారు ఒకరి చేపల చెరువు చూసేవారు. మేము వెళ్ళేసరికి చెరువులో విసురు వల వేస్తున్నారు. నెలకొకసారి అలా వల వేసి, పడిన నాలుగు చేపలను పరీక్షగా చూసి, చెరువు మొత్తం ఎలా ఉందో చెప్పాలి. ఆయన ఒక శీలావతి చేపను తడి గోనె మీద పడుకోబెట్టి, మొప్ప ఎత్తి, బొటనవేలితో మెల్లగా తడిమి, మళ్ళీ నీళ్ళలోకి వదిలారు. రెండోదాన్నీ అలాగే చూశారు. తర్వాత చేతులు లుంగీకి తుడుచుకుని చెరువు ఆసామికి ఫోను చేశారు. మొప్పలు పాలిపోయాయనీ, మేత ఆపి నీళ్ళు మార్చాలనీ చెప్పారు. అవతలి మనిషి గట్టిగా కేకలేయడం మాకూ వినిపించింది. ఏడుకొండలు గారు అన్నిటికీ ‘అలాగేనండి’ అంటూనే, చివరికి అదే మాట మళ్ళీ చెప్పి ఫోను పెట్టేశారు.

మాకు కొబ్బరినీళ్ళు ఇచ్చాక ఆయన పాకలోకి వెళ్ళి, దేవుడి పటం వెనక మడిచి పెట్టిన కాగితాలు తెచ్చారు. నేను దిద్దిన పరీక్ష పేపర్లు. ఆయనకు చదువు రాదు. నాగమణి చదివి వినిపించిందట.

"మా పిల్లని దీవించి రాసేరంట గదండి. చుట్టాలందరికీ చూపించేనండి. అయితే పాసైపోద్దాండి?"

నేను ఎస్తేరమ్మ గారి వైపు చూశాను. ఆవిడ బుగ్గన లవంగం సర్దుకుని, చెరువు వైపు తిరిగి కొంగల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డారు. నాకు తప్పించుకునే దారి లేదు. ఇప్పుడు రాస్తున్నట్టు రాస్తే పాసవదని చెప్పాను.

ఆయన ఆ కాగితాలను మడత మీద మడత పెట్టారు. కోపం లేదు, నొచ్చుకున్నారంతే. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగారు. పిల్ల మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అన్నాను.

"చేపకి జబ్బుంటే ఉందనే చెప్తానండి. చేప మీద కోపంతో చెప్తానాండి? నీళ్ళు మారుస్తారని చెప్తానండి," అన్నారు ఆయన. మళ్ళీ తనే సర్దుకుని, "ఇప్పుడు చెప్పేరు కదండి. ఇంకా ఐదారు నెలలుంది గదండి," అన్నారు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. నా స్నేహితురాలి విషయంలో నేను మొప్ప ఎత్తి చూడకుండానే చెరువంతా చెడిపోయిందన్నాను. ఈ పిల్ల విషయంలో చూసి కూడా నోరు మూసుకున్నాను. రెండుసార్లూ నా భక్తిని చూసుకున్నానే తప్ప ఎదుటి మనిషిని చూడలేదు. ఇది ఎస్తేరమ్మ గారితో అన్నప్పుడు, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక్క సంగతి చెప్పారు.

"వెలుగు కలిగాక దేవుడు దాన్ని చూసి మంచిదన్నాడు కదమ్మా. అప్పటికింకా మనిషి లేడు, పాపం లేదు. మొట్టమొదటి తీర్పు అదే. నువ్వూ అక్కణ్ణుంచే మొదలుపెట్టు."

అలాగే మొదలుపెట్టాను. క్వార్టర్లీ కట్టంతా వెనక్కి తీసుకుని మళ్ళీ దిద్దాను. ప్రతి పేపర్లో ముందు ఒక మంచి వాక్యం వెతికి టిక్కు పెట్టి, ఆ తర్వాతే తప్పుల్లోకి దిగేదాన్ని. పేపర్లు తిరిగి ఇచ్చిన రోజు తరగతిలో సగంమంది ఏడ్చారు. ఒక పిల్ల, తనకిచ్చిన దీవెన వెనక్కి తీసేసుకున్నారా అని అడిగింది. దీవెన అలాగే ఉంది, దాని పైన పని కూడా చేరిందని చెప్పవలసి వచ్చింది. నాగమణి ఏడవలేదు. తన పేపరు చివరిదాకా చూసి, టిక్కు ఒక్కటే ఉందేమిటని అడిగింది. ఆ టిక్కు ఉన్న వాక్యం వాళ్ళ నాన్న చెరువు గురించి రాసినది. అలాంటివి ఇంకో పది రాయమన్నాను. వారం తిరక్కుండా పాతిక రాసి తెచ్చింది. వల, గట్టు, మేత బస్తా, కొంగ. ఆ పిల్ల ఇంగ్లీషంతా తడిగా, చేపల వాసనతో వచ్చింది. అందులో తప్పులు బోలెడు, కానీ ప్రాణం ఉంది. సాయంత్రాలు హాస్టలు వరండాలో మేమిద్దరం కూర్చుంటే, ఎస్తేరమ్మ గారు తన స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చునేవారు. ఎంత కష్టపడుతున్నామో చూస్తూ కూడా ఉత్తుత్తి మెప్పు ఒక్కటీ ఇచ్చేవారు కాదు. బాగున్నది బాగుందనేవారు, లేనిది లేదనేవారు. ఆ వరండాలో మేము నవ్వుకున్నంతగా నేను ఏ బడిలోనూ నవ్వలేదు.

ఫిబ్రవరిలో ఆవిడ ఇంకో పద్ధతి చూశాను. పబ్లిక్ పరీక్షలకు నెల ముందు ఒక కాగితం మీద పదో తరగతి పిల్లల పేర్లన్నీ రాసి, ఇంగ్లీషులో ఎవరు పాసవుతారో, ఎవరు తప్పుతారో తన అంచనా ఎదురుగా రాసేవారు. దాన్ని కవర్లో పెట్టి, అంటించి, హెడ్మిస్ట్రెస్ గారి బీరువాలో దాచేవారు. ఎందుకండీ అంటే, పిల్లలకు పరీక్ష ఉంటే తనకు ఉండొద్దా అన్నారు. నాగమణి పేరు ఎదుట ఏం రాశారని ఎంత బతిమాలినా చెప్పలేదు.

మేలో ఫలితాలు వచ్చిన రోజు ఏడుకొండలు గారు పొద్దున్నే కూతురితో స్కూలు వరండాలో ఉన్నారు. స్కూలువాళ్ళు నెట్ సెంటరు నుంచి మార్కుల జాబితా తెచ్చారు. నాగమణి అన్నీ పాసైంది. ఇంగ్లీషులో గట్టెక్కడానికి కావలసిన దానికంటే ఆరు మార్కులు ఎక్కువ. ఆ పిల్ల ముందు నమ్మలేదు. నన్ను రెండుసార్లు చదవమని, ఇంకోసారి తనే చదువుకుని, వాళ్ళ నాన్న భుజం మీద మొహం దాచుకుంది. ఆయన తల తువ్వాలు తీసి మాకు దండం పెట్టబోతుంటే, ఎస్తేరమ్మ గారు ఆగమన్నారు. తన పని ఇంకా మిగిలిందని, హెడ్మిస్ట్రెస్ గారిని కవరు తెమ్మన్నారు.

అందరి ముందూ ఆ కవరు చించి, కాగితం బల్ల మీద పరిచి, ఎర్ర పెన్ను తీసి, పిల్లల పేపరు దిద్దినట్టే తన కాగితం దిద్దుకోవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకూ టిక్కు పడుతోంది. నాగమణి పేరు దగ్గరికి వచ్చేసరికి నేను వంగి చూశాను. ఎదురుగా ‘తప్పుతుంది’ అని ఉంది. మాతో పాటు హాస్టలు వరండాలో అన్ని సాయంత్రాలు కూర్చున్న మనిషి, లోపల ఇదే అనుకుంటూ కూర్చున్నారన్నమాట. అనుకుంటూ కూడా ఒక్కరోజు మానలేదు.

ఎస్తేరమ్మ గారు ఆ మాట మీద కాగితం చిరిగేంత గట్టిగా పెద్ద ఇంటూ పెట్టారు. నాగమణిని దగ్గరికి పిలిచి చూపించారు.

"నీ సంగతి నేను తప్పు చెప్పానమ్మా. ఇదిగో, నాకో మార్కు పోయింది," అన్నారు. ఆ మొహంలో ఉన్న సంతోషం నేను ఏ పండుగ రోజునా ఏ మొహంలోనూ చూడలేదు.

ఆవిడ ప్రభువు సన్నిధికి వెళ్ళి కొన్నేళ్ళయింది. నాగమణి ఏలూరులోనే నర్సుగా చేస్తోంది. నేను ఇప్పుడు ప్రతి ఫిబ్రవరిలో పిల్లల పేర్లు రాసి కవరు అంటిస్తాను. నాకు కనిపించింది కనిపించినట్టే రాస్తాను, ఒక్క మాట మెత్తబరచను. రాశాక మోకరించి, ‘తప్పుతుంది’ అని రాసిన ప్రతి పేరునూ పైకి చదివి, ఈ పిల్ల దగ్గర నాకు ఇంటూ పడాలని అడుగుతాను. మా స్కూల్లో అందరికంటే ఎక్కువ ఇంటూలు నావే.