స్టేక్‌హౌస్‌లో మా అమ్మ భోజనం

నా చిన్నప్పుడు అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో మా ఇంటి దగ్గర స్టేక్‌హౌస్ అని, మాంసం కాల్చి పెట్టే హోటల్ ఒకటి ఉండేది. ఇప్పటికీ ఉందర్రా, మొన్న మీరొచ్చినప్పుడు దాని ముందు నుంచే వెళ్లాం. మొదట్లో అది కార్ల ఫ్యాక్టరీ వాళ్లకి సూపు, రొట్టె అమ్మే చిన్న కొట్టట. గ్రీసు నుంచి వచ్చిన భార్యాభర్తలు పెట్టారు. నేను చూసేనాటికి భర్త పోయాడు, కొట్టు పెద్ద హోటలయింది. ఆయన భార్య, నల్ల గౌను వేసుకున్న మామ్మగారు, తలుపు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లని పలకరిస్తూ ఉండేది.

నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన బాస్ మా ముగ్గుర్నీ అక్కడికి భోజనానికి పిలిచాడు. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. రామంటే ఆయనకి కోపం వస్తుందేమోనని నాన్న భయం. "అక్కడ ఎవరూ నోరెత్తకండి. బంగాళాదుంప తెప్పిస్తా, తినేసి వచ్చేద్దాం" అన్నాడు కార్‌లో.

"ఆ దుంప దేంతో వండుతారో?" అంది అమ్మ.

"దేంతో వండుతారే? నిప్పుతో!"

అమెరికా వచ్చాక అమ్మ బయట తినడం అదే మొదలు. కాల్చిన దుంపని మధ్యకి చీల్చి, వెన్న వేసి, పైన ఎర్రటి కరకరలాడే పలుకులు చల్లి తెచ్చారు. వేయించిన ఎండుమిరపకాయ ముక్కలనుకుంది అమ్మ. పాపం, మొహం కాస్త విప్పారింది కూడా. స్పూన్ నోటిదాకా ఎత్తింది.

అంతలో మామ్మగారు వచ్చింది. మాంసం బాస్ ప్లేటులో తప్ప మా ప్లేట్లలో లేకపోవడం చూసిందేమో, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఏం తినవమ్మా?" అని అడిగింది. ఏం కావాలని కాదు, ఏం తినవని. అమ్మకి ఇంగ్లీషు రాదు, నా వైపు చూసింది. నాన్న కళ్లతోనే వద్దంటున్నాడు. అయినా చెప్పేశాను. మాంసం తినం, చేప తినం, గుడ్డు తినం అని.

మామ్మగారు అమ్మ చేతిలోంచి స్పూన్ మెల్లగా తీసుకుంది. "ఈ ఎర్రవి పంది మాంసం, తల్లీ."

బాస్ పగలబడి నవ్వాడు. "ముందే చెప్పొచ్చుగా, మహానుభావా! శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్లో అత్తగారు చర్చి నియమమని నా చేత కూడా మాంసం మాన్పిస్తుంది." నాన్న హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు.

మామ్మగారు అమ్మనీ నన్నూ వంటింట్లోకి తీసుకెళ్లింది. వాళ్ల చర్చి పండుగ ముందు ఉపవాసాల్లో ఆవిడా మాంసం ముట్టదట, ఆ రోజుల కోసం కొట్టు పెట్టినప్పటి నుంచీ తన మూకుడు వేరే ఉంచుకుందట. అందులో వంకాయలు, టమాటాలు నూనెలో మగ్గించి పెట్టింది. అమ్మ అక్కడే స్టూల్ మీద కూర్చుని కడుపునిండా తింది. "కాస్త కారం పడితే మన కూరేనే" అంది నాతో.

మీరు ఫ్రెండ్స్‌ని తీసుకొస్తామని ఫోన్ చేస్తే, వాళ్లు ఏం తినరో ముందడుగుతాను కదా. "అబ్బా అమ్మమ్మా, దే విల్ బి ఫైన్" అంటారు మీరు. అయినా అడిగి చెప్పండి నాన్నా. వాళ్లలో ఎవరో ఒకరు చెప్పడానికి మొహమాటపడుతూ ఉంటారు.