బస్సుకు ఎన్ని చప్పట్లు

పటాన్‌చెరు దగ్గరి ఒక ఊళ్లె సర్కారు బడిల రెండో తరగతికి ఇంగ్లీషు చెప్త. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ కొలువుకు వచ్చిండు గాని, నేను పుట్టి పెరిగింది ఇక్కడనే.

అచ్చుల శబ్దాలు నేర్పనీకి నెట్‌ల దొరికే వర్క్‌షీట్లు ప్రింటు తీయించి పిల్లలకు ఇస్త. పొద్దున బస్సు దిగంగనే జిరాక్సు షాపుకు పోత. కంపెనీలల్ల చేరనీకి వచ్చినోళ్లు ఆధార్ కార్డులు పట్టుకొని లైన్ల ఉంటరు. వాళ్ల నడుమ నేను పిల్లి బొమ్మ, టోపీ బొమ్మ, కోడిపెట్ట బొమ్మ తీయించుకుంట నిలబడ్త.

నిరుడు దసరా సెలవులైనంక మా క్లాసుల ఒక కొత్త పాప చేరింది. బీహార్ నుంచి వచ్చిన కుటుంబం. నాయిన ఇనుప కంపెనీల భట్టీ దగ్గర, తల్లి మందుల కంపెనీల ప్యాకింగుల. పాపకు హిందీ తప్ప ఏం రాదు. అయినా భయపడి మూలకు కూసునే రకం కాదు. నేను ఏది అడిగినా చెయ్యి లేపేది.

ఆ రోజు షీటుల పెన్ బొమ్మ ఉన్నది. పేరు చెప్పి, నడుమ వినపడే అచ్చుకు సున్న చుట్టాలె. పాప లేచి గట్టిగ "పేన్" అన్నది.

ముందు బెంచీ పిల్ల రెండు చేతులతోటి తల గోక్కున్నది. "టీచర్, పేన్లట!"

క్లాసంత పడి పడి నవ్విండ్రు. పాపకు ఏం సమజ్ కాలే. వాళ్ల చేతుల దిక్కు చూసి, మెల్లగ తన జడలు తడుముకొని కూసున్నది. నేను నవ్వు ఆపించిన గాని, ఇగ ఆ పాప చెయ్యి లేపలే.

తెల్లారి బడి గేటు కాడ తల్లి నిలబడ్డది. మెడల కంపెనీ కార్డు, పక్కన పాప. పాప చెంపల దాక నూనె కారుతున్నది. నేను నమస్తే అనేలోపలనే ఆమె బిడ్డ జడలు విప్పి, పాయలు పాయలుగ తీసి చూపించబట్టింది.

"చూడండి మేడం, ఒక్క పేను కూడ లేదు. రోజూ దువ్వుత," అన్నది హిందీల.

"తలల ఏం లేదమ్మా. తిరకాసంత మాటల ఉన్నది," అని నాకు వచ్చిన హిందీల చెప్పి, సంచిల నుంచి పెన్ను తీసిన. "దీన్ని ఏమంటరు మీరు?"

"పేన్."

"తెలుగుల గదే పేను."

ఆమె పెన్ను చూసింది, నన్ను చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నది. జెర పొట్టిగ అనమంటే అని చూసింది. మళ్ల పేన్ అనే వచ్చింది. మనకు ఎ, ఏ రెండూ ఉన్నయి. హిందీల ఆ పొట్టిది లేదు. "మా నోటికి రాదు మేడం," అనుకుంట పాప జడలు జల్దీ జల్దీ అల్లి, కంపెనీ బస్సు కోసం ఉరికింది.

చిన్నప్పుడు నేను ఇంట్ల అన్నట్టే బడిల "ఏమిటండీ" అన్న. చానా రోజులు పిల్లలు నన్ను అదే పేరు పెట్టి పిలిచిండ్రు. ఆ రోజులల్ల నీళ్లకు పోతనని అడుగనీకి కూడ నాకు మాట రాకపోయేది.

పిల్లల మీద గరమైతే అది తిరిగి పాప మీదికే పోతదని ఏం అనలే. షీటు మార్చిన. ఈసారి బొమ్మ పేరు పైకి అనుకుంట, అచ్చు వినపడ్డప్పుడల్లా ఒక చప్పట కొట్టాలె.

"బస్సు!" రెండు చప్పట్లు. "కప్పు!" రెండు. పాప మాత్రం ఒక్కటే కొట్టింది.

ముందు బెంచీ పిల్ల వెనుకకు తిరిగి, "టీచర్, ఆమె తప్పు కొట్టింది," అన్నది.

"ఆమెదే రైటు. ఎట్లనో విందాం," అని పాపను బతిమిలాడిన. చిన్నగ "బస్" అన్నది.

అందరు అని చూసిండ్రు. "బస్... సు." ఆఖరి ఉ తోక లెక్క వెంటనే వస్తున్నది. ముందు బెంచీ పిల్ల పెదవులు వేళ్లతోటి పట్టుకొని మరీ అన్నది. అయినా వచ్చింది. క్లాసంత నవ్విండ్రు, ఈసారి ఎవల మీద వాళ్లే. పాప కూడ నవ్వింది. టీచర్ లెక్క వేలు చూపించి, మళ్ల అనమని "ఫిర్ సే" అన్నది.

అన్నం బెల్లు కొట్టినంక ముందు బెంచీ పిల్ల పళ్లెం పట్టుకొని పాప పక్కకు పోయి కూసున్నది.

"ఎలుక అను."

"ఏలుక."

"ఏలుక కాదే, ఎలుక! లాగకు!"

పప్పు చల్లారింది గాని ఇద్దరు లేవలే. కొన్ని దినాలకు పాపకు పొట్టి ఎ దొరికింది. దాంతోటి మా తోక కూడ అంటుకున్నది. "టీచర్, పెన్ను," అన్నది ఒకనాడు. నేను దిద్దలే.

ఎండకాలం సెలవుల ముందు తల్లిదండ్రుల మీటింగుకు ఆ తల్లి డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. పాప ఇంగ్లీషు పుస్తకంల నాలుగు వరుసలు వేలు పెట్టుకుంట చదివింది. ఒక కాడ ఆగి, నా దిక్కు చూడకుండ తనే కూడబలుక్కున్నది. తల్లికి అందుల ఒక్క ముక్క అర్థం కాలే. మంచిగ చదివిందా అని నన్ను అడుగలే. బిడ్డకు ఇంకింత దగ్గరికి జరిగి, "ఇంకోసారి చదువు," అన్నది. వెనుక మిగిలిన తల్లిదండ్రులు నిలబడే ఉన్నరు. జెర సేపు ఉండనీ అనుకున్న.