డాక్టరుగారి కుశలప్రశ్న

దేవీప్రసాద్‌గారు ఎవరు కనబడినా "బాగున్నారా?" అనరు. "అయిందా?" అంటారు. భోజనం గురించి కాదు, దాని తరువాయి గురించి.

ఆయన వైద్య కళాశాలలో పిండశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. తల్లి కడుపులో ఉండగా బిడ్డ పేగుకు నరాలెలా వస్తాయన్నదే ఆయన లోకం. ఆయన వాకింగ్ నుంచి తిరిగొస్తుంటే వాళ్ళ పేట సీతమ్మధారలో టపటపా గేట్లు పడిపోతాయి. మొన్నో పెళ్ళిలో అక్షింతలు వేస్తూ పెళ్ళికొడుకునీ అదే అడిగారు. ఆయన భార్య గౌరీశ్వరికి తల కొట్టేసినట్టయింది.

"ఇంకే మాటా దొరకదా మీకు?"

"ఇంతకంటే మంచి మాట ఏముందోయ్?"

ఓ ఉదయం, యారాడ నుంచి చేపలు తెచ్చే చిట్టెమ్మ పొంగిపోతూ వచ్చింది.

"అమ్మగోరూ! మొన్న మా పిల్లకి కొడుకు పుట్టినాడు. నిన్న ఇంటికి తెచ్చీసినాం. అచ్చం మా ముసిలోడే!"

గౌరీశ్వరి నోరు తెరిచేలోగా వెనక నుంచి వినబడనే వినబడింది.

"వాడికి అయిందా?"

చిట్టెమ్మ మొహం మాడింది. "ఏటి బాబూ! బిడ్డ ఎవుల్లాగున్నాడని అడుగుతారు గానీ..."

"నల్లగా, జిగురుగా, మొదటిది. వెళ్ళిందా?"

"నేదు బాబూ. పాలు కక్కీత్తన్నాడు, పొట్ట ఉబ్బీసినాది. దిట్టి తీసినాం."

అంతే, లుంగీ మీదే చొక్కా తగిలించుకుని ఆయన ఆటో పిలిచారు.

మధ్యాహ్నం గౌరీశ్వరి ఆసుపత్రికి క్యారేజీ పట్టుకెళ్ళేసరికి, ఏడుస్తున్న చిట్టెమ్మకు ఆయన పాఠం చెబుతున్నారు.

"వన్ టౌన్‌లో బస్సెక్కిన జనం యారాడ దాకా రావాలా వద్దా? పేగు నరాలూ అంతే. పైనుంచి బయల్దేరి చివరిదాకా నడవాలి. మీవాడివి మధ్యలో సింధియా స్టాపులోనే దిగిపోయాయి. అక్కణ్ణుంచి పేగుని నడిపించే నాథుడు లేడు."

"బతుకుతాడా బాబూ?"

"వేళకి తెచ్చాం. నరాల్లేని ముక్క తీసేసి కుడతారు. నేను ఇక్కడే ఉంటాగా."

నర్సు నవ్వింది. "సార్ రోజూ ఇక్కడే కదండీ! పొద్దున్నే వచ్చి బాలింతలందర్నీ 'అయిందా' అని అడిగి పోతారు."

గౌరీశ్వరి ఆశ్చర్యపోయింది. రోజూ బీచ్‌లో వాకింగ్ అని వెళ్ళే మనిషి చెప్పులకు ఒక్కనాడూ ఇసుక ఎందుకంటలేదో ఇప్పుడర్థమైంది.

"నాతో అనలేదేం?"

"బిడ్డకి కాలేదని చెప్పడానికి తల్లులు సిగ్గుపడతారోయ్. ఎవరో ఒకరు సిగ్గు వదిలెయ్యాలి కదా. అది నేనే వదిలేశాను."

ఆమెకు ఆ మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. పైకి మాత్రం "ముందు అన్నం తినండి" అని కసిరింది.

ఆపరేషనైంది. ఆ తర్వాత శ్రావణ శుక్రవారం, ఇంటినిండా పేరంటాళ్ళుండగా, వీధి మొదట్లోంచే కేక.

"అమ్మగోరూ! అయిపోనాదండీ! మా మనవడికి అయిపోనాది!"

పేరంటాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గౌరీశ్వరి తాంబూలాల పళ్ళెం చటుక్కున కింద పెట్టి గేటు దగ్గరికి పరుగెత్తింది.

"సుఖంగా అయిందా?" అని అడిగింది, సీతమ్మధారంతా వినబడేలా.