బాపు చెరకు మానేసిన ఏడాది

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. ఇంటివాళ్లకు చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నా ఇష్టంతో పెళ్లి చేసుకుని నిజామాబాద్ వచ్చేశానని బాపు పన్నెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఎక్స్‌రేలో ఆయన ఛాతీలో నీడ కనబడ్డాక మాత్రం బిడ్డను పిలవమని అన్నతో అన్నాడట. ఉరుక్కుంటూ పోయాను. పరీక్షలన్నీ అయ్యాక, అన్న బాపును ఆటో దగ్గరికి నడిపిస్తుంటే, డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు. అది రక్తనాళాలు చిక్కుపడి కట్టిన గడ్డ. క్యాన్సర్ కాదు. ఈ వయసులో అక్కడ రావడం అరుదు, కానీ ప్రాణానికేం భయం లేదు.

బయటికొచ్చాను.

"ఏమన్నడు బిడ్డా?"

పన్నెండేళ్ల తర్వాత బిడ్డా అన్నాడు. నా నోరు ఎందుకలా తిరిగిందో!

"ఇంటికి తోల్కపోయి మంచిగ సూసుకోమన్నడు బాపు."

మా ఇళ్లలో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. మంచిగ సూసుకోమన్నడంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. అన్న మొహం తిప్పుకున్నాడు. బాపు తలూపాడు. కాగితాలు నా సంచిలోనే ఉండిపోయాయి.

రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రాలేదు. వారానికి రెండుసార్లు బోధన్ బస్సెక్కి ఊరికి పోయేదాన్ని. మధ్యాహ్నాలు పొలం గట్టున కూర్చునేవాళ్లం. చెరకు పూత తెల్లగా ఊగేది, కాలువ నీళ్లు సన్నగా పారేవి, బాపు నా చిన్నప్పటి సంగతులు చెబుతుంటే ఎండకు నా కళ్లు మూతలు పడి, మళ్లీ ఏడేళ్ల పిల్లనై ఎక్కడో తేలుతున్నట్టుండేది. నిజం తెలిస్తే మళ్లీ మాట మానేస్తాడా? అందుకేనా దాచాను? అందుకే. సిగ్గులేని మనిషిని.

నరికిన చెరకు మొదళ్లను అలా ఉంచితే మళ్లీ పంట లేస్తుంది. బాపు వాటన్నిటినీ తవ్వించేశాడు.

"చెరుకు ఏడాది పంట బిడ్డా. కోతకు నేనుండ. మక్కలు పెడ్దం, నాలుగు నెలల్ల కంకులు చేతికొస్తయి."

అప్పుడైనా చెప్పొద్దా నేను? సరే అన్నాను.

ఆయన ఇంకో మూడేళ్లు బతికాడు. ప్రతి పండుగా తనకు ఆఖరిదే అనుకున్నాడు. చివరికి పక్షవాతం వచ్చి పోయాడు. గడ్డ ఆయన్నేమీ చేయలేదు. అలిగిన తండ్రికి ఇంత సేవ చేసిన బిడ్డ లేదని ఊళ్లో ఇప్పటికీ అంటారు. అన్న కూడా అంటాడు. తల దించుకుని వింటాను.

నన్ను క్షమించాల్సిన మనిషి లేడు. ఆ మూడేళ్లూ బాపు భయపడుతూ బతికాడు, నేను సంతోషంగా బతికాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అన్నాక ఊపిరి కాస్త ఆడుతోంది.